ఏ యుద్ధవిమానం గొప్పదని నన్ను అడక్కండి

మంచిర్యాలలో వాయుసేన పరీక్షలకు తర్ఫీదు ఇచ్చే ఒక కోచింగ్ సెంటర్ ఉంది. నేను రిటైరై నస్పూర్ చేరిన కొన్నాళ్లకు దాని యజమాని ఇంటికొచ్చి, పిల్లలతో ఓ గంట మాట్లాడమన్నాడు. వెళ్లాను. కుర్చీలో కూర్చున్నానో లేదో మొదటి ప్రశ్న వచ్చిపడింది. ఫ్రెంచి విమానం గొప్పదా, రష్యా విమానం గొప్పదా, అమెరికావాళ్లది కొంటే రెండింటినీ కొడుతుందా? అడిగినవాడు ఫోను నా మొహం ముందు పెట్టాడు. దాంట్లో రెండు విమానాల బొమ్మలు, మధ్యలో ఒక గీత, అటూ ఇటూ అంకెలు. అంగడిలో ఎడ్ల జతల్ని నిలబెట్టినట్టు నిలబెట్టారు.

నేను ముప్పై ఏడేళ్లు యుద్ధవిమానాల పొట్ట కింద పడుకుని పని చేసినవాణ్ణి. ఇంజన్ ఫిట్టర్‌గా చేరి వారంట్ అధికారిగా బయటికొచ్చాను. అయినా ఆ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పకుండా ఏదో గొణిగి, వాళ్లిచ్చిన చాయ్ తాగి వచ్చేశాను. ఇంటికొచ్చాక నా మీద నాకే ఒళ్లు మండింది. ఇప్పుడు మా తమ్ముడి కూతురు స్రవంతి అదే పనికి ఎంపికై శిక్షణకు పోతోంది. మొన్న అదీ అదే అడిగింది, "పెద్దబాపు, అన్నిట్ల మంచి విమానం ఏది?" అని.

అందుకని ఇది రాస్తున్నాను. దీంట్లో నా ఘనత ఏమీ లేదు. విమానాల్ని పోల్చే పనిలో పడి నేను ఒక మనిషి నౌకరిని, పేరును ఎలా నాశనం చేశానో ఉంది. ఆ మనిషి పేరు మహేందర్, కాగజ్‌నగర్ వాడు. వాడి సంగతి చెప్పాలంటే ముందు విమానాల సంగతి చెప్పాలి.

పుస్తకంలో రాసే వేగం

గరిష్ఠ వేగం అని అన్నిటికంటే పైన వేస్తారు. ధ్వని వేగానికి రెండింతలు అంటారు. నేను ఎక్కువ కాలం పని చేసిన పాత రకం విమానానికీ అదే రాసి ఉండేది. నా సర్వీసు మొత్తంలో ఆ వేగం అందుకుని వచ్చానని చెప్పిన పైలట్ ఒక్కడూ లేడు. రెక్కల కింద క్షిపణులు తగిలించి, అదనపు ఇంధనం ట్యాంకులు వేలాడదీశాక ఆ వేగం ఎక్కడిది? ఖాళీ రెక్కలతో, బాగా ఎత్తున, కొన్ని నిమిషాలు మాత్రం తీయగలిగే వేగం అది. ఆ కొన్ని నిమిషాల్లో ఇంధనం ఎలా ఆవిరైపోతుందో పుస్తకంలో రాయరు.

దూరం సంగతీ అంతే. ఎంత దూరం పోయి రాగలదని రాస్తారు, ఎంత బరువు మోసుకుని అన్నది రాయరు. ఎంత బరువు మోస్తుందో రాస్తారు, ఆ బరువుతో ఎంత దూరం పోతుందో రాయరు. రెండూ ఒకేసారి కుదరవని అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికీ తెలుసు. తెలియనిది ఫోను చూసేవాళ్లకే.

నిజంగా పోల్చాలనుకుంటే ముందు ఎవరు ఎవరిని చూస్తారో అడగండి. ఇప్పటి పోరాటంలో విమానాలు కంటికి కనిపించేంత దగ్గరికి రావడం తక్కువ. ఎవరి రాడార్ దూరం చూస్తుంది, ఎవరి క్షిపణి దూరం పోతుంది, ఎవరి విమానం ఎదుటివాడి రాడార్ మీద చిన్నగా కనిపిస్తుంది, ఇవీ ప్రశ్నలు. మంచి రాడార్, మంచి క్షిపణి పెడితే పాత విమానం కూడా కొత్తదానికి చెమటలు పట్టిస్తుంది. అవి లేకపోతే ఎంత కొత్త విమానమైనా గుడ్డిదే. గాలిలో గిరికీలు కొట్టే శక్తి దగ్గరి పోరులో పనికొస్తుంది, కాదనను. కానీ చాలామటుకు అది ప్రదర్శనల్లో చప్పట్లు కొట్టించుకోవడానికే.

పైగా ఏ విమానమూ ఒంటరిగా పోరాడదు. వెనకాల పెద్ద రాడార్ మోసుకు తిరిగే విమానం ఉండాలి, గాలిలోనే ఇంధనం నింపే విమానం ఉండాలి, నేల మీద కూర్చుని దారి చెప్పేవాళ్లు ఉండాలి. వీళ్లందరినీ వదిలేసి రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టి ఏది గెలుస్తుందంటే ఏం చెప్పను?

పొద్దున ఎన్ని లేస్తాయి

అన్నిటికంటే పెద్ద ప్రశ్న వేరే ఉంది. దళంలో ఇన్ని విమానాలున్నాయి కదా, ఈ రోజు పొద్దున వాటిలో ఎన్ని లేస్తాయి? ఈ ఒక్కటి మాత్రం చాలా దేశాలు బయటికి చెప్పవు. అందుకే ఏ ఫోనులోనూ కనిపించదు.

మా బాపు నస్పూర్‌లో బొగ్గుబాయి కార్మికుడు. గని లోపల పైకప్పుకు దన్నుగా దుంగలు నిలబెట్టే పని ఆయనది. ఒకసారి వాళ్ల బాయిలోకి బొగ్గు ఎత్తే కొత్త మిషన్ దించారు. షిఫ్టుకు ఇన్ని టన్నులు ఎత్తుతుందని ఇంజనీర్లు గొప్పగా చెబుతుంటే బాపు వెనక నుంచి, "గిది ఖరాబైతే సామాను ఏడికెళ్లి వస్తది సార్?" అని అడిగాడట. అందరూ నవ్వారట. ఆ సంగతి ఇంట్లో చెబుతూ బాపు కూడా నవ్వాడు. నేనూ నవ్వాను. బడి ముఖం సరిగా చూడని మనిషి అడిగిన ఆ ప్రశ్న వాయుసేనలో చాలామంది పెద్దలు అడగగా నేను వినలేదు.

సామాను రాకపోతే మేమేం చేసేవాళ్లమో చెబుతాను. ఒక విమానంలోంచి పార్టు ఊడదీసి ఇంకోదానికి పెట్టేవాళ్లం. మూడోది మొరాయిస్తే రెండోదాంట్లోంచి ఊడదీసేవాళ్లం. షెడ్డు మూలన ఒక విమానం ఎప్పుడూ కడుపు తెరుచుకుని నిలబడి ఉండేది, దాంట్లోంచి మిగతావాటికి పెట్టి పెట్టి అది ఇక ఎగిరే స్థితిలో ఉండేది కాదు. పొద్దున లెక్క అడిగే సమయానికి ఎన్నింటిని నిలబెట్టగలిగితే అదే మా ప్రతిభ. ఈ పనిలో మేం దిట్టలం. దాన్ని గొప్పనుకున్నాం కూడా.

నేను చూసిన అధికారుల్లో ఒక్కాయన ఈ లెక్కల ఆట ఆడనన్నాడు. నాలుగు లేస్తే నాలుగే అని పైకి చెప్పేవాడు. పైవాళ్లు ఫోనులో ఆయన్ని తిట్టడం మా చెవులతో విన్నాం. ఆరు నెలల్లో బదిలీ చేశారు. కానీ ఆయన పోయిన కొద్ది వారాలకే, ఆయన పంపిన ఆ తక్కువ లెక్క చూసే, ఆయన అడిగిన పార్టులన్నీ పెట్టెలకొద్దీ దిగాయి. మాకు బుద్ధి రావాల్సింది అప్పుడే. రాలేదు.

పది రోజుల పోటీ

తర్వాత నేను పడమటి సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఒక స్థావరంలో ఉన్నప్పుడు పైనుంచి ఒక ఆదేశం వచ్చింది. మా పాత రకం విమానాల దళాన్ని, అప్పుడే వచ్చిన కొత్త రకం దళాన్ని పది రోజుల పాటు పక్కపక్కన ఎగిరించి పోలుస్తారట. ఏది రోజుకు ఎన్నిసార్లు లేస్తుంది, దిగాక ఎంత సేపట్లో మళ్లీ సిద్ధమవుతుంది, ఎన్నిసార్లు మొండికేస్తుంది, ఇవన్నీ చూస్తారు. మాది వెనకబడితే దళాన్నే మూసేస్తారని పుకారు పుట్టింది. మా ఇంజనీరింగ్ అధికారి అందరినీ షెడ్డు ముందు నిలబెట్టి, ఒక్క విమానం కూడా నేల మీద కూర్చోకూడదని హిందీలో చెప్పాడు. తెలివైనవాడు, పని తెలిసినవాడు. ఆ పది రోజుల్లో ఆయన కళ్లలో నాకు కనిపించింది మాత్రం భయమే.

నిజం చెప్పాలంటే కొత్త విమానం మా దానికంటే అన్ని విధాలా మెరుగు. రోగం ఎక్కడుందో తెర మీద అదే చూపిస్తుంది. మాదాంట్లో మనిషి లోపలికి చెయ్యి దూర్చి, తడిమి, వేళ్లు కాల్చుకుని తెలుసుకోవాలి. వాళ్లు మూత తీసి పార్టు మార్చి మూత పెట్టేసరికి మేం ఇంకా మరలు విప్పుతూ ఉండేవాళ్లం. ఆ మాటే రాసి ఇస్తే సరిపోయేది. అలా ఎవరం చేస్తాం? మా విమానం మీద మాకు మమకారం, పైగా పౌరుషం.

నేను అప్పటికే వారంట్ అధికారిని, మహేందర్ నా కింద కార్పొరల్. అంత దూరంలో నాతో మా ఊరి మాట మాట్లాడేది వాడొక్కడే. డ్యూటీలో సార్ అనేవాడు, బయట అన్నా అనేవాడు. ఆదివారాలు మా క్వార్టర్‌కు వస్తే నా భార్య వాడి కోసం జొన్నరొట్టెలు చేసేది. వాళ్ల నాన్న దుర్గయ్య కాగజ్‌నగర్ కాగితం మిల్లులో పని చేసినాయన. అప్పటికి మిల్లు మూతపడి ఉంది. తండ్రి, తమ్ముడు ఇద్దరూ ఇంట్లోనే. మహేందర్‌కు ఇద్దరు ఆడపిల్లలు. ఆ ఇల్లంతా మహేందర్ నౌకరి మీదే నడుస్తోంది. తన కొడుకు విమానాలు బాగు చేస్తాడని ఆ పెద్దాయన మిల్లు గేటు దగ్గర కూర్చుని కనబడినవాళ్లందరికీ చెప్పేవాడట. మహేందర్ సిగ్గుపడుతూ చెప్పేవాడు నాకు.

పోటీ మొదలైన రెండో రోజు నుంచే మాకు హైడ్రాలిక్ పంపులు తక్కువ పడ్డాయి. విమానం చక్రాల్ని, రెక్కల పలకల్ని కదిలించే నూనెకు ఒత్తిడి ఇచ్చే పంపు అది. దిగిన విమానంలోంచి పంపు ఊడదీసి, లేవాల్సిన విమానానికి ఎక్కించడం మొదలుపెట్టాం. ఊడదీసిన ప్రతిసారీ గొట్టం మూతి దగ్గరుండే రబ్బరు రింగును పారేసి కొత్తది వేయాలి. ఒకసారి నలిగిన రింగు మళ్లీ సరిగా కూర్చోదు. ఇది బోరు మోటార్లు బాగు చేసే ప్రతి మెకానిక్‌కూ తెలిసిన సంగతే.

ఏడో రోజు మధ్యాహ్నం మహేందర్ అరచేతిలో ఒక రింగు పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"అన్నా, కొత్త రింగులు ఒడిసినయ్. స్టోర్ల అడిగిన, ఎల్లుండి దాక రావంటుండ్రు. గిది ఊడదీసిన పాతది. గీ విమానాన్ని ఇయ్యాల ఆపుదామే."

డ్యూటీలో వాడు అన్నా అనడం అదే మొదటిసారి. నేను గోడ మీది బోర్డు చూశాను. ఆ రోజు కొత్త దళం మాకంటే రెండు ఎక్కువ లేపింది.

"గదే ఎక్కియ్" అన్నాను. "ఒక్కసారి ఎగురుడుకు ఏం కాదు. నా జిమ్మ."

నా జిమ్మ అంటే బాధ్యత నాదని. మా వైపు ఆ మాట అన్నాక ఇక అడిగేదేమీ ఉండదు. వాడూ అడగలేదు. పాత రింగే వేశాడు. కొత్తది వేసినట్టు సంతకం పెట్టాడు, అది కూడా నేను పెట్టమంటేనే. నేల మీద ఇంజన్ నడిపి చూస్తే చుక్క కూడా కారలేదు. చూశావా అన్నట్టు వాడి భుజం తట్టాను.

లేచిన ఇరవై నిమిషాలకు ఆ విమానం పొగతో వెనక్కి వచ్చింది. రింగు దగ్గర నూనె చిమ్మి, వేడి ఇంజన్ మీద పడి అంటుకుంది. పైలట్ ఇంకా పెళ్లి కూడా కాని పిల్లవాడు, ఎలాగో నేలకు దించాడు. తోక మండుతుండగా పైనుంచి దూకి చీలమండ విరగ్గొట్టుకున్నాడు. బతికాడు, తర్వాత మళ్లీ ఎగిరాడు. ఆ ఒక్క విషయంలో దేవుడు మమ్మల్ని కనికరించాడు.

తల ఊపాను

విచారణకు ముందు రోజు ఇంజనీరింగ్ అధికారి నన్ను గదిలోకి పిలిచాడు. ఒక ఫిట్టర్ అజాగ్రత్త అయితే ఒక మనిషితో పోతుంది, పైనుంచి ఆజ్ఞ ఉందంటే దళం మొత్తం పోతుందని చెప్పాడు. పాత రింగు సంగతి నీకు తెలియదు కదా అన్నాడు. అది అడిగినట్టు లేదు, ఏం చెప్పాలో నేర్పినట్టే ఉంది. ఎదురు చెప్పకుండా బయటికొచ్చాను. నా సర్వీసు ఇంకా ఉంది, కొడుకు చదువు నడుస్తోంది, ఇల్లు సగంలో ఉంది. ఇలాంటి కారణాలు ఎన్నయినా రాయొచ్చు. భయపడ్డాను, అంతే. పిరికివాణ్ణయ్యాను.

మర్నాడు లోపల ముగ్గురు అధికారులు కూర్చున్నారు. పాత రింగు వేయడం మీకు తెలుసా అని అడిగారు. తెలియదన్నాను. కొత్తదే వేశాడనుకున్నానని కూడా కలిపాను. ఆ రెండో మాట ఎవరూ అడగలేదు, నేనే చెప్పాను.

నేను బయటికొస్తుంటే మహేందర్ లోపలికి పోతున్నాడు. గుమ్మం దగ్గర మెల్లగా, "చెప్పినవా అన్నా?" అని అడిగాడు.

చెప్పానన్నట్టు తల ఊపాను.

వాడు ధైర్యంగా లోపలికి పోయాడు. ఉన్నదున్నట్టు చెప్పాడు, వారంట్ అధికారి ఎక్కించమంటేనే ఎక్కించానని. వాళ్లు నా మాటలు వాడికి చదివి వినిపించారు. అక్కడితో వాడి పని అయిపోయింది. అజాగ్రత్త ఒక నేరం, తప్పించుకోవడానికి పైవాడి మీద అబద్ధం చెప్పడం ఇంకో నేరం. నేను నిజం చెప్పలేదని వాడికి గుమ్మం దగ్గరే తెలిసి ఉంటే కనీసం ఆ రెండోది తప్పేది. ఆ మాత్రం ఉపకారం కూడా నేను చేయలేదు.

ఆ తర్వాత వాణ్ణి విమానం ముట్టుకోనివ్వలేదు. అంత మంచి చేతులున్న మనిషిని తీసుకుపోయి రేషన్ స్టోరులో బస్తాల దగ్గర నిలబెట్టారు. సర్వీసు గడువు ముగిశాక పొడిగింపు ఇవ్వలేదు. బయట విమానాల కంపెనీలు వాడి రికార్డు చూసి వెనక్కి పంపాయి. స్థావరంలో ఉన్నన్నాళ్లూ వాడు నాతో మాట్లాడలేదు, మా క్వార్టర్‌కూ రాలేదు. మహేందర్ ఎందుకు రావట్లేదని నా భార్య అడిగితే పని ఎక్కువైందని చెప్పాను.

ఇక పోలిక ఏమైందంటారా? మా పాత విమానం సంసిద్ధతలో కొత్తదానికి దాదాపు సమానమని తేల్చారు. మంట ఫిట్టర్ తప్పు కాబట్టి దాన్ని విమానం ఖాతాలో వేయలేదు. మరుసటి ఏడు మేం పంపులు, రింగులు అడిగితే, మీ విమానాలు భేషుగ్గా లేస్తున్నాయి కదా అని మా వాటా వేరేచోటికి పంపారు. మా దొంగ లెక్కే మా గొంతు కోసింది. దళం ఎలాగూ మూతపడింది. దేని కోసం మహేందర్‌ను బలిపెట్టామో ఆ దళం కూడా మిగల్లేదు. రెండు విమానాల్ని పోల్చిన ఏ పట్టిక చూసినా ఈ అంకెల వెనక ఎందరు మహేందర్లున్నారో అనిపిస్తుంది నాకు.

స్రవంతీ, నువ్వు పోయేచోట మా రోజులకంటే మంచి విమానాలు, మంచి పరికరాలు ఉంటాయి. పైవాడు "నా జిమ్మ" అన్నప్పుడు మాత్రం రాసి ఇమ్మను. నాలాంటివాడైతే వెంటనే గొంతు తగ్గిస్తాడు.

కాగజ్‌నగర్‌లో

రిటైరై వచ్చాక కూడా కాగజ్‌నగర్ పోవడానికి నాకు మొహం చెల్లలేదు. మంచిర్యాలలో రైలెక్కితే ఎంతో దూరం కాదు. ఎన్నోసార్లు స్టేషను దాకా పోయి వెనక్కి వచ్చాను. చివరికి, స్రవంతి అడిగిన తర్వాతి వారం, జరిగింది జరిగినట్టు వాయుసేనకు ఉత్తరం రాసి పోస్టు చేసి, అదే రోజు బండెక్కాను.

మహేందర్ ఇంటి ముందు గదిలోనే బోరు మోటార్లు బాగు చేసే దుకాణం పెట్టుకున్నాడు. జుట్టు సగం నెరిసింది. నన్ను చూసి లేవలేదు, అలాగని కసురుకోనూ లేదు. "రాండ్రి సార్, కూసోండ్రి" అన్నాడు. అన్నా అన్న పిలుపు పోయింది. చేతిలో మోటారు విప్పుతూనే ఉన్నాడు. నేను చెప్పాల్సిందంతా చెప్పాను, ఉత్తరం రాశానని కూడా చెప్పాను.

"నాకు చెప్పుడెందుకు సార్? నాకెరికే గదా" అన్నాడు. "పెన్షన్ పక్కా అయినంకనే యాదికొచ్చిందా?" అని కూడా అన్నాడు.

అవునని చెప్పాను. అంతకంటే ఏం చెప్పను, నిజమే కదా.

వాడు చేతులు తుడుచుకుని మొదటిసారి నా మొహంలోకి చూశాడు. "లోపట మా బాపు ఉన్నడు. మిల్లు మూతపడ్డ దినాలల్ల నౌకరి ఖరాబు చేసుకొని వచ్చిన్నని, గది చాలదన్నట్టు అబద్ధం గూడ ఆడిన్నని, గిన్నేండ్లయినా నాతోటి సక్కగ మాట్లాడడు. కొడుకు అబద్ధాలకోరని ఆయన మనసుల పడ్డది. పోయి ఆయనకు చెప్పుండ్రి."

దుర్గయ్య లోపలి వసారాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. నేను ఎదురుగా స్టూలు మీద కూర్చుని, నేనెవరో చెప్పి, తప్పు మీ కొడుకుది కాదని మెల్లగా అన్నాను. ఏళ్ల తరబడి కాగితం మిషన్ల పక్కన నిలబడి ఆయన చెవులు పోయాయని నాకు తెలియదు.

"ఏందీ? జర గట్టిగ" అన్నాడు.

మళ్లీ చెప్పాను. వినబడలేదని చెయ్యి ఊపాడు. ఇంకా గట్టిగా చెప్పాను. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. మూడోసారి అరిచాను.

"తప్పు నాది! పాతది ఎక్కియ్యమన్నది నేను. మహేందర్ అబద్ధమాడలే. అబద్ధమాడింది నేనే."

ఎదురింటి అరుగు మీద కూర్చున్నవాళ్లు ఇటు తిరిగారు. పెద్దాయన నన్ను ఎగాదిగా చూశాడు.

"గొంతు మంచిగనే ఉన్నది గదా సారూ" అన్నాడు. "గా దినం ఏమైంది?"

 జవాబు కోసం ఆయన ఆగలేదు. నన్ను దాటి గుమ్మం వైపు చూశాడు. అక్కడ మహేందర్ నిలబడి ఉన్నాడు.

"తిన్నవా కొడుకా?" అని అడిగాడు.

మహేందర్ ఇంకా తినలేదన్నాడు. పెద్దాయన జరిగి మంచం మీద వాడికి చోటిచ్చాడు. నేను చెప్పులేసుకుని స్టేషనుకు నడిచాను.